ఆదివారం మోగని సైరన్

ఆ వీధిలో మిక్సీ తిరగకపోయినా, ఇస్త్రీపెట్టె వేడెక్కకపోయినా అందరూ వెళ్లేది మీటరు కొట్టుకే. అతని అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉంటుంది. దాన్ని ఎవరూ చదవరు. అరవై ఆరేళ్ల మనిషి, సన్నగా, కాస్త ముందుకు వంగి ఉంటాడు. ఏ వస్తువు తెచ్చినా ముందు చెవికి ఆనించుకుంటాడు. ఆ అలవాటు అతనికి ఆలస్యంగా వచ్చింది. రావలసిన వయసులో రాలేదు.

మీటరు అనే పేరు వయసులో ఉండగా పడింది. ఆ రోజుల్లో ఊళ్లో ఒక సంగీత సంఘం ఉండేది. రేకుల కప్పు వేసిన హాలు, నూట ఇరవై కుర్చీలు, గోడనిండా దాతల ఫోటోలు. పాడినవాళ్ల ఫోటో ఒక్కటీ ఉండేది కాదు. అక్కడ మైకులు పెట్టడం, కచేరీని టేపు మీదికి ఎక్కించడం అతని పని. వేదిక పక్కన స్టూలు మీద కూర్చుని, చిన్న ట్రంకుపెట్టెంత రీలు మిషన్ ముందు పెట్టుకుని, అందులో చప్పుడు ఎంతుందో చూపే మీటరు గాజుకిటికీలో ఆడే ముల్లునే చూస్తూ ఉండేవాడు. ముల్లు ఎర్రగీత దాటబోతే మర తిప్పి చప్పుడు తగ్గించాలి, నిద్రపోతుంటే పెంచాలి. ఒకసారి కచేరీ అయ్యాక ఎవరో, "ఎలా ఉందోయ్ పాట?" అని అడిగితే, "ఒక్కసారి కూడా ఎర్రగీత దాటలేదండీ" అన్నాడు. హాలు హాలంతా నవ్వింది. ఆ రోజు నుంచి మీటరే.

అలాంటి కొట్టుకి ఒక సోమవారం పొద్దున్నే భుజాన సంచీ వేసుకుని ఒక అమ్మాయి వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. పాత రికార్డింగులు వెతికి భద్రపరిచే సంస్థలో ఆమె ఉద్యోగం. సంచీలోంచి అట్టపెట్టె తీసి బల్ల మీద పెట్టింది.

"సంగీత సంఘం హాలు కూల్చేస్తుంటే బీరువాలో దొరికింది బాబాయ్ గారూ. దీన్ని తిప్పే మిషన్ ఊరు మొత్తం మీద మీ దగ్గరే ఉందన్నారు."

ఉంది. సంఘం మూతపడి సామాను తుక్కులో పారేస్తున్నప్పుడు మోసుకొచ్చుకున్నాడు. "నా సవతి" అంటుంది దాన్ని అతని భార్య. "నాకైనా దగ్గొస్తే అడగరు గానీ, దానికి బెల్టు జారితే అన్నం మానేస్తారు."

అట్టపెట్టె మీద సంఘం కార్యదర్శి గుండ్రటి చేతిరాత. గాయని పేరు. వయొలిన్: పెద్దసారు. ఏప్రిల్ పదహారు, ఆదివారం. ముప్పై ఎనిమిదేళ్ల కిందటి సంవత్సరం.

ఆ తేదీ చూడగానే మీటరు చెయ్యి పెట్టె మీద ఆగిపోయింది.

"గాయనిగారి కచేరీలు ఆ రెండు మూడేళ్లవి అసలు లేవు. ఇది ఒక్కటే దొరికింది. విడుదల చేస్తున్నాం. దానితో వేసే పుస్తకం శుక్రవారం అచ్చుకి వెళ్తుంది. కానీ తేదీ మీద నాకో అనుమానం ఉంది" అందామె. "మా ఆఫీసులో పాత మిషన్ ఒకటి కుంటుతూ తిరిగితే కొంచెం విన్నాను. మొదట్లో శ్రుతి మామూలుగానే ఉంది. పోనుపోను పైకెక్కుతోంది. మనిషెవరూ అలా పాడరు కదా?"

"వదిలెయ్యమ్మా. పెట్టె మీద రాసుందిగా."

"రాసినవాళ్లు పోయారు. ఎక్కించింది మీరేనట. మీరు వింటే చాలు."

ఆ టేపు వినకుండా ఉండటానికి మీటరు ముప్పై ఎనిమిదేళ్లు చాలా ప్రయత్నం చేశాడు. దాని కింద ఏం పూడ్చాడో అతనికి తెలుసు.

ఆ ఆదివారానికి ఎనిమిది రోజుల ముందు, శనివారం, అదే గాయని అదే హాల్లో ఒకసారి పాడింది. వయొలిన్ వాయించవలసిన పెద్దసారుకి రైలు తప్పిపోయింది. వేదిక మీద వయొలిన్ చాప ఖాళీగా ఉంది. కార్యదర్శి అటూ ఇటూ తిరుగుతూ, "వాయించేవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఎవరైనా సరే" అంటున్నాడు, బస్సులో కిటికీ సీటు అడిగినట్టు. మీటరుకి అన్నం క్యారియరు తెచ్చిన చెల్లెలు తలుపు దగ్గర నిలబడి ఉంది. పంతొమ్మిదేళ్లు. పెద్దసారు దగ్గరే ఆరేళ్లుగా నేర్చుకుంటోంది. ఇంట్లో అందరూ చిట్టి అంటారు. మీటరే ఆమె వీపు మీద చెయ్యేసి ముందుకి తోశాడు. జీవితంలో తను చేసిన మంచిపని చెప్పమంటే అతను ఆ తోపు గురించే చెబుతాడు. అక్కడితో ఆగుతాడు.

సంఘం వాళ్ల పాత వయొలిన్ తీసుకుని వాయించింది. కచేరీ మొదలవకముందే కరెంటు పోయింది, మైకులు లేవు, గాయని ఉత్త గొంతుతో పాడింది. మీటరు మిషన్‌లో బ్యాటరీలు వేసి, దానికున్న చిన్న మైకుతోనే గంటన్నర ఎక్కించాడు. తిరిగి ఇంటికి నడుస్తుంటే చిట్టి అడిగింది.

"ఎలా వాయించాను అన్నయ్యా?"

"టేపు విని చెప్తాలేవే."

ముల్లు చూస్తూ కూర్చున్నాను, వినలేదు అని ఎలా చెప్తాడు?

ఎనిమిది రోజుల తరవాత, ఆదివారం, పెద్దసారు కాలర్ సర్దుకుంటూ దిగాడు. అందరూ కలిసి గాయనిని బతిమాలి మళ్లీ రప్పించారు. కొత్త రీలు లేదు. కార్యదర్శి, "ఆ పిల్లది ఉందిగా, దాని మీదే ఎక్కించెయ్. పెద్దసారు వాయించేది పోగొట్టుకుంటామా?" అన్నాడు. రీళ్ల కొట్టు రెండు వీధుల అవతల. పరిగెత్తితే పావుగంట పని. మీటరు పరిగెత్తలేదు. "అలాగేనండి" అన్నాడు. ఆ మాట అతనికి అప్పట్లో చాలా తేలిగ్గా వచ్చేది. ఇలాంటి సంఘాలన్నీ అలాంటి అలాగేనండీల మీదే నిలబడి ఉండేవి.

ఆ వారంలోనే చిట్టికి రేడియో స్టేషన్ నుంచి ఉత్తరం వచ్చింది. వాయించిన టేపు ఏదైనా ఉంటే పంపమని. ఆమె అన్న దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. అతను నీళ్లు నమిలి, "మిషన్‌లో పడి నలిగిపోయిందే. తీసి పారేశాను" అన్నాడు. ఆమె మొహంలోకి చూడకుండా స్క్రూ ఏదో బిగించాడు.

చిట్టి నెల రోజులు వయొలిన్ ముట్టుకోలేదు. తరవాత ఎన్నడూ ముట్టుకోలేదు. పెద్దసారు అక్కడా ఇక్కడా "తాళం నిలవదండీ ఆ పిల్లకి" అన్నాడట. కాదనడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు. ఉన్న ఒక్కటీ అన్న చెరిపేశాడు. చిట్టి కుట్టుపని నేర్చుకుంది. ఇప్పుడు ఊరి అవతలి చివర బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. అన్నాచెల్లెళ్లు పెళ్లిళ్లలోనూ ఆస్పత్రుల్లోనూ కలుస్తారు. బాగున్నావా అంటే బాగున్నా అనుకుంటారు.

ఇదంతా ఆ అమ్మాయికి ఎలా చెప్పడం? మీటరు లేచి మిషన్ మీద గుడ్డ తీశాడు. రీలు ఎక్కించి, ఒక్క క్షణం ఆగి, మీట నొక్కాడు.

ముందు ఒక కుర్రగొంతు వచ్చింది. "ఏప్రిల్ పదహారు, ఆదివారం, సాయంత్రం అయిదున్నర. వయొలిన్, పెద్దసారు." తర్వాత టక్కుమని ఒక చప్పుడు. ఆ వెనకే పాట, మధ్యలోంచి అందుకున్నట్టు, సగం మాట మీద.

"ఆ గొంతు మీదే కదా?" అంది అమ్మాయి నవ్వుతూ.

"నాదే. ప్రతి కచేరీకి ముందు తేదీ చెప్పేవాణ్ణి. చెప్పి, ఆపేసి, శ్రుతి చేసుకోవడం అయ్యాక మళ్లీ నొక్కేవాణ్ణి. రీలు ఆదా."

పాట సాగింది. మీటరు అలవాటుకొద్దీ ముల్లు చూస్తున్నాడు. అరగంటకి పాట వెనకాల, దూరంగా, సన్నగా, ఏదో మూలుగులా మొదలై లేచింది. గాయని ఒక్క క్షణం ఆగి, ఎవరో నవ్వితే తనూ నవ్వి, మళ్లీ అందుకుంది.

మీటరు మిషన్ ఆపేశాడు.

"ఏమైంది బాబాయ్ గారూ?"

"అది మిల్లు సైరన్."

"అయితే?"

"ఆరింటికి రెండో షిఫ్టు దిగే సైరన్. నేను పుట్టినప్పటినుంచీ మిల్లు మూతపడేదాకా రోజూ విన్నాను." పెట్టె మీది తేదీ మీద వేలు పెట్టాడు. "ఆదివారం మిల్లుకి సెలవు. ఆదివారం సైరన్ మోగదమ్మా."

అమ్మాయి పెట్టె మీది రాత వంక, అతని వంక మార్చి మార్చి చూసింది. "మీ గొంతే ఆదివారం అంటోంది కదా?"

"నా గొంతు అబద్ధం చెప్తోంది. దానికి అలవాటే."

మీటరు మళ్లీ ముందునుంచి పెట్టాడు. ఈసారి ముల్లు మీద నుంచి చూపు లాక్కుని, కళ్లు మూసుకుని విన్నాడు. శ్రుతి ఎందుకు పైకి ఎక్కుతోందో ఇప్పుడు తెలిసింది. బ్యాటరీ నీరసించి మోటారు నెమ్మదించినప్పుడు ఎక్కించిన పాట, కరెంటు మీద తిప్పితే పరిగెడుతుంది. ఆదివారం కరెంటు ఉంది. పెద్దసారు ఉన్నాడంటే మూడు మైకులు, రెండు ఫ్యాన్లు ఉండవలసిందే. ఈ టేపులో ఫ్యాను చప్పుడే లేదు. మనుషులు విసనకర్రలు ఊపుకుంటున్న గాలి చప్పుడుంది. కరెంటు లేని ఆ శనివారం చప్పుడు. ఎనిమిది రోజుల ముందు శనివారం ఒక కచేరీ జరిగిందనీ, ఆ రీలు మీదే ఆదివారంది ఎక్కించాననీ ఆమెకి చెప్పాడు.

"మరి పాట మీద పాట ఎక్కలేదా?" అని అమ్మాయి అడిగింది.

అప్పుడు మీటరు మిషన్ ముందు చతికిలబడి చేత్తో చూపించాడు. ఎక్కించాలంటే రెండు మీటలు ఒకేసారి నొక్కాలి, ఎర్రదీ నల్లదీ. నల్లది ఒక్కటే నొక్కితే రీలు తిరుగుతుంది గానీ కొత్త పాట ఎక్కదు. పాతదే మోగుతుంది. స్పీకరు తగ్గించి ఉంటే ఆ మోగేదీ వినబడదు.

"ఎర్ర మీట బిగుసుకుపోయి ఉండేది. తేదీ చెప్పేటప్పుడు దిగింది. రెండోసారి దిగలేదు. నేను చూసుకోలేదు."

"ముల్లు కదలకపోతే తెలియాలి కదా?"

"కదిలిందమ్మా. మోగేటప్పుడూ కదుల్తుంది." మీటరు నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "ఆ రోజు హాలంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు కూడా ముల్లు గెంతింది. ముల్లుకేదో రోగం వచ్చిందనుకున్నాను. సోమవారం మీటరు విప్పి స్పిరిట్‌తో తుడిచాను."

అంటే ఆ ఆదివారం పెద్దసారు వేదిక మీద వాయిస్తుంటే, మీటరు గంటన్నరసేపు కళ్లార్పకుండా చూసింది తన చెల్లెలి వయొలిన్‌నే. ఎనిమిది రోజుల కిందటిది, చెరిపేశాననుకున్నది. కళ్ల ముందే గెంతుతూ నేనున్నానని చెప్పింది. అతనికి చెవులు లేవు. రీలు మళ్లీ ఒకసారి పెట్టి చూసుకుని ఉంటే అయిపోయేది. చెరిపిన చోటు వినడానికి భయం. అట్టపెట్టెలో పెట్టి కార్యదర్శి చేతికిచ్చి, చేతులు కడుక్కున్నాడు. కార్యదర్శీ వినలేదు. పెద్దసారు పేరు గుండ్రంగా రాసి బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఆ సంఘంలో సంగీతానికి జరిగిన గౌరవం అది.

చెల్లెలి మీది ప్రేమే ఆ రోజు చేతిని ఆపిందేమో అనుకోవాలని మీటరుకి ఎంతో ఉంది. కానీ అది కాదు. మీట బిగుసుకుంది, అంతే. మనిషి పనికిరాని చోట ఒక తుప్పు పట్టిన మీట పనికొచ్చింది.

"అయితే ఇది ఏప్రిల్ ఎనిమిది, శనివారం" అంటూ అమ్మాయి రాసుకుంది. "మరి వయొలిన్ ఎవరు?"

"నా చెల్లెలు" అన్నాడు మీటరు. ఆ మాట అంటుంటే కొట్టులో మిక్సీలన్నీ తనవైపే చూస్తున్నట్టనిపించింది. "పుస్తకంలో వెయ్యడానికి మాత్రం ఒక్కరోజు ఆగు. ముందు తనని అడగాలి."

మర్నాడు పొద్దున్నే మిషన్‌ని దుప్పట్లో చుట్టి బయలుదేరుతుంటే భార్య గుమ్మంలో నిలబడింది.

"నిజం చెప్పడానికేనా వెళ్తోంది? మళ్లీ ఏదో నలిగిపోయిందనడానికా?"

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"నిద్రలో స్క్రూలు బిగించే మనిషితో కాపురం చేస్తూ తెలియకుండా ఎలా ఉంటుంది? వెళ్లిరండి. బస్సులో దాన్ని ఒళ్లోనే పెట్టుకోండి."

రెండు బస్సులు మారాడు. చిట్టి ఇంటి ముందుగది నిండా నీలం గుడ్డ. ఆమె కుట్టుమిషన్ తొక్కుతోంది. యాభై ఏడేళ్లు. కళ్లద్దాలు ముక్కు చివరికి జారాయి. కాజాలు కుట్టవలసిన చొక్కాలు ఓ పక్కన కుప్పగా ఉన్నాయి.

"ఏంటన్నయ్యా, చెప్పాపెట్టకుండా? వదిన బాగుందా?"

"బాగుంది. ఇది వినాలి నువ్వు."

దుప్పటి విప్పగానే ఆమె కాళ్లు తొక్కడం మానేశాయి. ఆ పెట్టెని ఆమె గుర్తుపట్టింది. ప్లగ్గు ఉన్న చోటు చూపించి, కుప్ప పక్కకి జరిపింది.

అతను తేదీ చెప్పిన చోటు దాటించి, పాట దగ్గర పెట్టాడు. గాయని ఒక వరస పాడి వదిలింది. వయొలిన్ దాన్ని అందుకుని, కొంచెం తడుముకుని, తర్వాత తడుముకోకుండా వెళ్లింది. గాయని "భలే" అంది, మెల్లిగా, మైకు లేదు గనక నిజంగా అనాలనిపిస్తేనే అన్నట్టు. సైరన్ వచ్చినప్పుడు పాట ఆగింది. వయొలిన్ ఆగలేదు. సైరన్ శ్రుతిని పట్టుకుని, దానితో పాటు ఎక్కి, దానితో పాటు దిగింది. హాలు నవ్వింది, గాయనీ నవ్వింది. కొట్టులో విన్నప్పుడు మీటరు సైరన్ మాత్రమే పట్టుకున్నాడు. ఇది పట్టుకోలేదు.

చిట్టి ఎడమచేతి వేళ్లు మోకాలి మీద కదులుతున్నాయి. పాట అయ్యేదాకా ఆమె తల ఎత్తలేదు.

"ఎక్కడిది?" అంది.

మీటరు చెప్పాడు. మీట గురించి, మిల్లు గురించి, బీరువా గురించి. చివరికి అసలు సంగతి. "టేపు నలగలేదే చిట్టీ. నేనే దాని మీద ఎక్కించబోయాను. కార్యదర్శి చెప్పాడు, నేను సరే అన్నాను. నీకు అబద్ధం చెప్పాను."

"తెలుసు."

"ఏంటి?"

"ఆ వారంలోనే తెలుసు. కార్యదర్శి భార్య చెప్పింది, మీ అన్నే చెరిపాడమ్మా అని. నువ్వే వచ్చి చెప్తావని చూశాను."

ముప్పై ఎనిమిదేళ్లు ఒకే బరువుని ఇద్దరూ చెరోవైపు పట్టుకుని ఉంటే, మీటరు తానొక్కడే మోస్తున్నాననుకున్నాడు.

"తెలిసీ నన్నొక్క మాట అనలేదేమే? తిట్టి ఉంటే..."

"ఎందుకు తిట్టాలి? నేను వేరేలా అనుకున్నాను." ఆమె కళ్లద్దాలు తీసి కుడుతున్న చొక్కాతోనే తుడిచింది. "ఎలా వాయించానంటే విని చెప్తానన్నావు. చెప్పలేదు. ఆ తర్వాత చెరిపేశావని తెలిసింది. బాగా వాయించి ఉంటే సొంత అన్న చెరుపుతాడా అనుకున్నాను. విన్నావు, బాగాలేదు, రేడియోవాళ్లు నవ్వకుండా అడ్డుపడ్డావు. ఆ మాట నా మొహం మీద అనలేక నలిగిపోయిందన్నావు. అంతే అనుకున్నాను. పెద్దసారు అన్నది నేను నమ్మలేదన్నయ్యా. ఆయన అలాంటివాడే. నిన్ను నమ్మాను."

గోడ అవతల ఎవరో బిందె దించిన చప్పుడు.

"నేను వినలేదే" అన్నాడు మీటరు. "అప్పుడూ వినలేదు, ఆ తర్వాతా వినలేదు. ముల్లు చూస్తూ కూర్చున్నాను."

"వినలేదా?"

"లేదు."

చిట్టి అతని మొహంలోకి చూసింది, తప్పు కొలత తెచ్చిన మనిషిని చూసినట్టు. కోపం వస్తే బాగుండుననిపించింది మీటరుకి. ఆమెకి కోపం రాలేదు. నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

"అంత మాత్రానికా నేను వయొలిన్ మానేసింది" అంది. అని, తన రెండు చేతులూ చూసుకుంది. సూది గుచ్చుకుని గుచ్చుకుని ఎడమచేతి చూపుడువేలు కొస మొద్దుబారిపోయింది. "ఇంత బాగా వాయించానా నేను?"

మీటరు జవాబు చెప్పబోయాడు. ఇప్పుడు చెప్పే జవాబు ఎవరికి పనికొస్తుంది? అయినా ఆమె చూస్తోంది.

"చాలా బాగా వాయించావే."

"ఇప్పుడు చెప్పడానికేం."

ఆమె రెండు కాజాలు కుట్టింది. దారం తెంపింది.

"పుస్తకంలో నీ పేరు వేస్తామంటున్నారు" అన్నాడతను. "శనివారం అని, ఏప్రిల్ ఎనిమిది అని, వయొలిన్..."

"వెయ్యమను. పెద్దసారు పేరు తీసెయ్యమను, అది ముఖ్యం." కుట్టిన చొక్కా మడిచి పక్కన పెట్టింది. "చదివినవాళ్లు ఈవిడెవరు, తరవాత ఏమైంది అని అడిగితే ఏం చెప్తారో. యూనిఫారాలు కుడుతోందని వేస్తారా?"

మీటరు రీలు వెనక్కి తిప్పడం మొదలుపెట్టాడు, చేతులకి ఏదో పని కావాలని. తిప్పడం అయ్యాక మిషన్ మూయబోతుంటే ఆమె చెయ్యి అడ్డుపెట్టింది.

"ఇంకోసారి పెట్టు."

అతను వంగి మీట నొక్కబోయాడు. నల్లదే, ఒక్కటే. నొక్కేముందు రెండుసార్లు చూసుకున్నాడు. ఆలోపు చిట్టి నీలం గుడ్డలోంచి జానెడు ముక్క కత్తిరించి, ముల్లు ఆడే గాజుకిటికీ మీద కప్పింది.

"ఈసారి దాన్ని చూడకు" అంది.

పాట మొదలైంది. మీటరుకి ఎటు చూడాలో తెలియలేదు. మొదట గుడ్డ ముక్కని చూశాడు, తర్వాత చొక్కాల కుప్పని. చివరికి ఆమె చేతుల్ని చూడబోయి, తల దించుకుని, విన్నాడు.